నాన్నకు మతిమరుపు లేదు, అయినా డిమెన్షియానే: ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు, మా ఇంటి అనుభవం

మా నాన్నకు 72 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2011లో రిటైరయ్యారు. అమ్మా నాన్నా తెనాలిలో ఉంటారు, మా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. 2025 మే నెలలో నాన్నకు వాస్క్యులర్ డిమెన్షియా, అంటే మెదడుకు రక్తం సరిగా అందక ఆలోచించే శక్తి తగ్గే జబ్బు, అని తేల్చారు. మెదడు భాగాలను కలిపే తీగలుండే వైట్ మ్యాటర్ బాగా దెబ్బతిందని, అల్జీమర్స్ కూడా కొంత కలిసి ఉండే అవకాశం లేకపోలేదని రాశారు. మొదటిసారి అనుమానం వచ్చినప్పటి నుంచి ఆ కాగితం చేతికి రావడానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఎంఆర్ఐ రిపోర్టులో తెల్ల మచ్చలు అని చదివి, అది పెద్ద జబ్బో కాదో తెలియక నలిగిపోతున్న వాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2024 దసరా ముందు నుంచే మార్పు కనిపించింది. కానీ అది మేం విన్న డిమెన్షియాలా లేదు. మనవళ్ల పుట్టినరోజులు గుర్తున్నాయి. గుంటూరు నుంచి రేపల్లె దాకా స్టేజీలన్నీ వరసగా చెప్పేవారు. ఎవరినీ పేరు మార్చి పిలవలేదు, దారి తప్పలేదు, గ్యాస్ ఆపడం మర్చిపోలేదు. మారిందల్లా వేగం. "కాఫీ తాగుతారా?" అని అడిగితే జవాబు వచ్చేసరికి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. వెనక నుంచి "ఊ, తాగుతా" అని వినపడేది. కదిలే బస్సులో నిలబడి, అరచేతిలో నాణేలు చూడకుండానే చిల్లర లెక్కపెట్టిన మనిషి, కూరగాయల బండి దగ్గర యాభై నోటుకి చిల్లర సరిచూసుకోవడానికి అంతసేపు నిలబడిపోవడం నేను కళ్లారా చూశాను. లెక్క తప్పలేదు. ఆలస్యమైంది, అంతే.

నడక కూడా మారింది. అడుగులు చిన్నవయ్యాయి, పాదం నేలకు అతుక్కున్నట్టు ఈడ్చేవారు. పక్కింటావిడ "మీ నాన్నగారు వస్తున్నారని చెప్పుల చప్పుడుతోనే తెలిసిపోతోంది" అంది. సాయంత్రాలు స్నేహితుల దగ్గరికి పేకాటకు వెళ్లడం మానేశారు. ఎందుకు నాన్నా అంటే "ఊరికే" అనేవారు. టీవీలో ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లో చావు వార్త వస్తే గొంతు పూడుకుపోయి ఏడ్చేవారు. రెండు నిమిషాల్లో మామూలైపోయేవారు.

అమ్మ మాత్రం దీన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. నలభై ఏడేళ్ల కాపురంలో ఆయన ఇంత మౌనంగా ఎప్పుడూ లేరు. "ఆయనకి నా మీద ఏదో కోపం ఉందే. చెప్పడం లేదు" అని నాతో అనేది. వండింది బాగోలేదా, తను ఏమన్నా నోరు జారిందా అని లోపల్లోపల కుమిలిపోయింది. జబ్బు కంటే ముందు మా ఇంట్లోకి వచ్చిన కష్టం ఇదే. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నవంబరులో మా ఊళ్లో ఫిజీషియన్‌కి చూపించాం. బీపీ 170/96. ఇరవై ఏళ్లుగా బీపీ మాత్ర ఉంది, షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. తల సీటీ స్కాన్ తీయించమన్నారు, 2,500 రూపాయలు. రిపోర్టులో వయసు వల్ల మెదడు కొంచెం కుంచించుకుంది, వైట్ మ్యాటర్‌లో వయసు తాలూకు మార్పులు ఉన్నాయి అని ఉంది. డాక్టరు గారు "ఈ వయసులో అందరికీ ఉండేవే అమ్మా" అని బీపీ మాత్ర డోసు పెంచి, బీ12 రాసి పంపేశారు. మాకు అప్పటికి ప్రాణం లేచొచ్చింది. ఆ మాట అబద్ధం కాదని తర్వాత తెలిసింది. అరవై దాటిన చాలామంది తల స్కాన్ తీస్తే కొద్దో గొప్పో మచ్చలు కనిపిస్తాయట. కానీ ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, మనిషిలో ఏం మారింది అన్న మూడూ కలిపి చూడకపోతే ఆ మాట సగమే నిజం. ఆ మిగతా సగం తెలుసుకోవడానికే మాకు తర్వాతి నెలలన్నీ పట్టాయి.

2025 కనుమ నాడు నాన్న బాత్రూం గడప దగ్గర పడిపోయారు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. బెంగళూరులో ఉండే అన్నయ్య అప్పుడు పండక్కి ఇంట్లోనే ఉన్నాడు. ఇంక ఊరుకోకూడదని ఇద్దరం అనుకున్నాం.

గుంటూరు కొత్తపేటలో న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి పది రోజులు ఆగాం. ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్తే ఉదయం పదింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండున్నరకి పిలిచారు. షుగర్ ఉన్న మనిషిని తీసుకెళ్తున్నారు కాబట్టి టిఫిన్ బాక్సూ మధ్యాహ్నం మాత్రలూ వెంట ఉంచుకోండి, అక్కడ బయట కొని తినిపించే వీలు దొరకదు. డాక్టరు గారు ముందు మాతో మాట్లాడలేదు. నాన్నని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించారు, వెనక్కి తిరగమన్నారు. తిరగడానికి నాన్న చాలా చిన్న చిన్న అడుగులు వేశారు. ఆయన దాన్నే శ్రద్ధగా చూశారు. తర్వాత ఎంఆర్ఐ రాశారు. చీటీ మీద ఏయే రకం బొమ్మలు తీయాలో, ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ, హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) కనపడేలా కరోనల్ అని విడిగా రాసి కింద గీత గీశారు. ఇది ముఖ్యమని తర్వాత అర్థమైంది. మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ అని వెళ్తే కొన్ని సెంటర్లలో ఎస్‌డబ్ల్యూఐ తీయరు. సన్నటి రక్తపు చుక్కలు, అంటే మైక్రో బ్లీడ్స్, దాంట్లోనే బాగా తెలుస్తాయి. మళ్లీ తీయించాలంటే మళ్లీ డబ్బు.

స్కాన్ ఖర్చు 7,200. ముందు రోజే ఫోన్ చేసి టైము తీసుకున్నా మూడు గంటలు కూర్చోబెట్టారు, మధ్యలో యాక్సిడెంట్ కేసు వచ్చిందని. ఉంగరం, కట్టుడు పళ్లు, మొలతాడుకున్న వెండి బిళ్ల అన్నీ తీయమన్నారు. మొలతాడు తీయడానికి నాన్న ఒప్పుకోలేదు. పెళ్లినాటి నుంచి తీయలేదట. అమ్మ బతిమాలి, బిళ్ల ఒక్కటీ విప్పి కొంగున ముడేసుకుంది. లోపల చప్పుడు గట్టిగా ఉంటుందని చెవుల్లో దూది పెట్టారు. ఒంటి మీద లోహం ఏమీ లేకపోతే ఒకరు లోపల కూర్చోవచ్చని టెక్నీషియన్ అన్నాడు. నేను గాజులూ చెవి రింగులూ తీసేసి లోపలికి వెళ్లి నాన్న పాదం పట్టుకుని కూర్చున్నాను. ముప్పావు గంట పట్టింది. అలా పట్టుకోవడం వల్లే ఆయన కదలకుండా ఉన్నారని నా నమ్మకం. ఇబ్బందిపడే పెద్దవాళ్లుంటే అడగండి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

రిపోర్టు మర్నాడు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. మెదడు లోపల నీరుండే గదుల చుట్టూ, ఇంకా లోతుగా, రెండు పక్కలా వైట్ మ్యాటర్‌లో ఒకదానితో ఒకటి కలిసిపోయిన హైపర్ ఇంటెన్సిటీలు, అంటే తెల్ల మచ్చలు, ఫజెకాస్ గ్రేడ్ 3. మెదడు లోతు భాగాలైన థాలమస్‌లో, బేసల్ గాంగ్లియాలో పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్‌లు. కొన్ని మైక్రో బ్లీడ్స్. లోపలి గదులు కొంచెం పెద్దవయ్యాయి. హిప్పోక్యాంపస్ కొద్దిగా కుంచించుకుంది. ఆ రాత్రి ఒక్కో మాటా వెతుకుతూ తెల్లవారుజాము దాకా మేలుకున్నాను. ఇన్‌ఫార్క్ట్ అంటే పక్షవాతం దెబ్బ అని చదివి ఒళ్లు చల్లబడింది. మా నాన్నకి ఎప్పుడు వచ్చింది పక్షవాతం? ఎవరికీ తెలియకుండానే వచ్చి పోయాయట, చిన్న చిన్నవి.

న్యూరాలజిస్టు గారు కంప్యూటర్ తెర మీద బొమ్మలు పెట్టి ఓపిగ్గా చూపించారు. నల్లగా, బూడిదరంగులో ఉండాల్సిన చోట మధ్య గదుల చుట్టూ తెల్లటి మేఘం పట్టినట్టు ఉంది. ఫజెకాస్ అనేది 1987లో ఫజెకాస్ అనే ఆస్ట్రియా డాక్టరూ ఆయన బృందమూ పెట్టిన కొలత. మచ్చలు లేకపోతే సున్నా. అక్కడక్కడా చుక్కల్లా ఉంటే ఒకటి. ఒకదానికొకటి కలవడం మొదలైతే రెండు. పెద్ద పెద్ద ముద్దలుగా కలిసిపోతే మూడు. ఒకటి గురించి కంగారుపడక్కర్లేదట. "మూడుని మాత్రం వయసు మీద తోసెయ్యకూడదమ్మా" అన్నారు.

నాన్న ఏం చేసేవారో కనుక్కుని ఆయనతో నేరుగా అన్నారు: "బాబాయ్, మీకు డిపోలన్నీ బాగానే ఉన్నాయి. డిపోకీ డిపోకీ మధ్య రోడ్లు పాడయ్యాయి. బస్సు చేరుతుంది, లేటుగా చేరుతుంది." ఆలోచించే కణాలు ఎక్కువగా పైపొరలో, గ్రే మ్యాటర్‌లో ఉంటాయి. వాటిని కలిపే తీగలు లోపల వైట్ మ్యాటర్‌లో ఉంటాయి, వాటి మీద మైలిన్ అనే కొవ్వు పూత. ఆ లోతు దాకా రక్తం తీసుకెళ్లేవి చాలా సన్నటి నాళాలు. ఒకటి మూసుకుంటే ఇంకో దారి నుంచి రక్తం అందదు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉంటే ఆ నాళాల గోడలు మందమై, రక్తం సరిగా అందక పూత దెబ్బతింటుంది. అక్కడ నీటి శాతం పెరుగుతుంది కాబట్టి స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. నాన్న ఇదంతా విని, మేం లేచి తలుపు దగ్గరికి వచ్చాక "సర్వీసు రద్దు చెయ్యలేదు కదా" అన్నారు. డాక్టరు గారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

ఇది ఏ రకం డిమెన్షియానో తేల్చడానికి హైదరాబాద్‌లో మెమరీ క్లినిక్‌కి వెళ్లమన్నారు. అక్కడ అపాయింట్‌మెంట్‌కి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలే అన్నింటికన్నా కష్టంగా గడిచాయి. తెలిసినవాళ్లు తలో సలహా ఇచ్చారు. ఒకరు బ్రాహ్మీ లేహ్యం తెచ్చారు, ఒకరు మెదడుకు ఇంజెక్షన్లు వేసే చోటు చెప్పారు. అన్నింటికీ సరే అని తలూపి, బీపీ మాత్రలు మాత్రం వేళకి వేయిస్తూ గడిపాం. ఈలోపు రక్తపరీక్షలు చేయించుకు రమ్మన్నారు: బీ12, థైరాయిడ్, సోడియం, కిడ్నీ, లివర్, మూడు నెలల షుగర్, సిఫిలిస్ కోసం వీడీఆర్ఎల్, హెచ్ఐవీ. మొత్తం 3,800. చివరి రెండూ చూసి అమ్మ నొచ్చుకుంది. ఆ జబ్బులు కూడా మెదడును మందగింపజేస్తాయి, మందుతో తగ్గేవి ముందు పక్కన పెట్టాలి, అందుకే అందరికీ చేస్తారని ల్యాబులో అమ్మాయి సర్దిచెప్పింది. నాన్న మూడు నెలల షుగర్ 8.4 వచ్చింది.

ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాద్ వెళ్లాం. ఒక విషయం: మేం తీసుకెళ్లిన ఫిల్ములు వాళ్లు పెద్దగా చూడలేదు, సీడీ అడిగారు. గుంటూరులో స్కాన్ సెంటరు వాళ్లు సీడీకి విడిగా మూడు వందలు తీసుకుని ఇచ్చారు కాబట్టి బతికిపోయాం. స్కాన్ అయిన రోజే అడిగి తీసుకోండి.

అక్కడి డాక్టరు గారు దాదాపు గంటసేపు ప్రశ్నలే అడిగారు, ఎక్కువగా అమ్మని. లేని మనుషులు, పిల్లలు కనపడుతున్నట్టు ఎప్పుడైనా అన్నారా? నిద్రలో కేకలు వేసి చేతులు విసురుతారా? ఒకరోజు బాగుండి ఇంకోరోజు పూర్తిగా మసకబారినట్టు ఉంటారా? ఇవి లూయీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకం కోసమట. బిడియం లేకుండా మాట్లాడటం, తీపి మీద కొత్తగా యావ పెరగడం ఉందా? ఇది ఫ్రంటో టెంపోరల్ రకం కోసం, దానిలో మెదడు ముందు భాగం, కణతల దగ్గరి భాగం కుంచించుకుంటాయి, అక్కడి వైట్ మ్యాటర్ కూడా పాడవుతుంది. అడిగిందే అడుగుతారా, నిన్న జరిగింది అసలు జరగనట్టే ఉంటారా? ఇది అల్జీమర్స్ కోసం. చిన్నప్పటి నుంచి మైగ్రేన్ ఉందా, మీ ఇంట్లో ఎవరికైనా నలభై, యాభై ఏళ్లకే పక్షవాతం వచ్చిందా? ఈ ప్రశ్న దగ్గర నేను భయపడ్డాను. కడాసిల్ అని వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఉందట, నాచ్3 అనే జీన్ లోపం వల్ల వస్తుంది, దాంట్లోనూ స్కాన్ ఇలాగే తెల్లగా ఉంటుంది, కణతల ముందు చివర్లలో మచ్చలు పడటం దాని గుర్తు. మా ఇంట్లో అలాంటి చరిత్ర లేదు, నాన్నకి ఆ చోట మచ్చలూ లేవు. ఊపిరి పీల్చుకున్నాను.

అల్జీమర్స్‌లోనూ తెల్ల మచ్చలు ఉంటాయని అప్పుడే తెలిసింది. అక్కడ తరచుగా మెదడు వెనకవైపు ఎక్కువ కనిపిస్తాయట, హిప్పోక్యాంపస్ ముందే బాగా కరుగుతుంది. నాన్నవి ముందువైపు, లోతుగా ఉన్నాయి. మైక్రో బ్లీడ్స్ కూడా లోపలి భాగంలోనే, బీపీ వల్ల వచ్చే చోట ఉన్నాయి. అవే పైపొర దగ్గర చాలా ఉంటే రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకునే జబ్బును అనుమానిస్తారట. ఒకే తెలుపు, ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి జబ్బు మారిపోతోంది. రిపోర్టు వచ్చిన రాత్రి నేను ఒంటరిగా వెతికి చదివినప్పుడు ఇది బుర్రకు ఎక్కలేదు.

తర్వాత సైకాలజిస్టు పరీక్షలు, తెలుగులోనే. ఫీజు 2,500. ఆ అమ్మాయి నాన్నని "తాతగారూ" అని పిలుస్తూ చాలా నెమ్మదిగా చేయించింది. నన్ను వెనక కుర్చీలో, మాట్లాడకూడదనే షరతు మీద కూర్చోనిచ్చింది. వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్లమంది. 93. ఆగారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. 86. ఇంకా ఎక్కువసేపు ఆగారు. 79, 72, 65. ఒక్కటి తప్పలేదు. నేను చీర కొంగు నలుపుకుంటూ కూర్చున్నాను. ఒక నిమిషంలో ప అక్షరంతో వచ్చే మాటలు చెప్పమంది, ఊళ్ల పేర్లు వద్దంది. నాన్న "పాలు" అన్నారు. తర్వాత "పొన్నూరు, పామర్రు, పెదనందిపాడు" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, ఊళ్లు కాకుండా చెప్పండి తాతగారూ అంది. "పప్పు" అని ఆగిపోయారు. నిమిషం అయిపోయింది. ఐదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగితే రెండే వచ్చాయి. అయితే "అందులో ఒక పువ్వు ఉంది" అని అందిస్తే ఠక్కున చెప్పారు. ఈ తేడానే డాక్టరు గారు పట్టుకున్నారు: దాచుకున్నది పోలేదు, వెతికి తీయడం కష్టమవుతోంది. అల్జీమర్స్‌లో అందించినా చాలాసార్లు రాదట. అంకె తర్వాత అక్షరం, మళ్లీ అంకె అని గీత కలిపే పరీక్షలో మాత్రం పూర్తిగా చిక్కుబడ్డారు. అన్నీ కలిపి ముప్పైకి 17 వచ్చాయి.

ఎన్ని భాషలు వచ్చు అని కూడా అడిగారు. నిమ్స్ డాక్టర్లు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 648 మంది డిమెన్షియా రోగులను చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడిందట. నాన్నకి హైదరాబాద్ సర్వీసులో నేర్చుకున్న ఉర్దూ వచ్చు. నాకెందుకో సంతోషం వేసింది.

ఇంకో అనుమానం మిగిలింది. నడక ఈడ్వడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మందగించడం, ఈ మూడూ మెదడు గదుల్లో నీరు చేరే ఎన్‌పీహెచ్ అనే జబ్బులో కూడా వస్తాయి. దానికి ఆపరేషన్ ఉంది. మూత్రం సంగతి అక్కడ అడిగేదాకా అమ్మ మాకెవరికీ చెప్పలేదు, రాత్రిళ్లు దుప్పట్లు తనే ఉతుక్కుంటోంది. ఏప్రిల్ చివర్లో ఒక రోజు అడ్మిట్ చేసి వెన్ను నుంచి నీరు తీశారు, దాదాపు 40 మిల్లీలీటర్లు. 18,000 అయింది. తీసే ముందు పది మీటర్లు నడిపించి వీడియో తీశారు, తర్వాత కొన్ని గంటలకు, మర్నాడు మళ్లీ తీశారు. నడక మెరుగైతే ఆపరేషన్ చేస్తే బాగవుతుందన్న ఆశ. మేం ముగ్గురం ఆ నడకను ఎంత ఆశగా చూశామో చెప్పలేను. ఏ మార్పూ రాలేదు. అన్నయ్య కారిడార్‌లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మే మొదటి వారంలో చివరి మాట చెప్పారు. సన్నటి రక్తనాళాల జబ్బు వల్ల వచ్చిన వాస్క్యులర్ డిమెన్షియా. హిప్పోక్యాంపస్ కొద్దిగా తగ్గింది కాబట్టి పక్కన అల్జీమర్స్ కూడా ఉండొచ్చు, ఇలా రెండూ కలిసి ఉండటం పెద్ద వయసులో మామూలే. ఆ రోజు డాక్టరు గారు అమ్మతో అన్నమాట మా ఇంట్లో చాలా మార్చింది: "ఆయన మాట్లాడకపోవడం కోపం కాదమ్మా. పని మొదలుపెట్టాలన్న ఊపు మెదడు ముందు భాగం నుంచి రావాలి, ఆ దారులే దెబ్బతిన్నాయి. ఏడుపు కూడా లోపల దుఃఖం ఉండి కాదు, అదుపు తప్పడం వల్ల." అమ్మ అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నాన్న చేతిని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మచ్చలను చెరిపే మందు లేదు. ఇది సూటిగా చెప్పారు. కొత్తవి పడకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది, దానికి మొదటి ఆయుధం బీపీ. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే అమెరికా అధ్యయనంలో పై బీపీని 120 లోపు ఉంచినవాళ్లలో, 140 లోపు ఉంచినవాళ్లకంటే తెల్ల మచ్చలు పెరగడం తగ్గిందట. అయితే షుగర్ ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో తీసుకోలేదు, పైగా నాన్న పడిపోయే మనిషి, అందుకని ఆయనకు 130 లోపు చాలన్నారు. ఇలా మనిషిని బట్టి లెక్క మార్చి చెప్పడం నాకు చాలా నచ్చింది.

ఇరవై నాలుగు గంటల బీపీ మిషన్ కట్టారు, 1,800. అరగంటకోసారి చేతి పట్టీ ఉబ్బుతుంది, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నిద్రలో బీపీ పదో వంతైనా తగ్గాలట. నాన్నకి తగ్గడం లేదు. పగలు ఆసుపత్రిలో చూస్తే మామూలుగా ఉండి రాత్రంతా పైనే ఉంటే ఎవరికి తెలుస్తుంది? మందులు మార్చారు. గురక గట్టిగా ఉందని నిద్ర పరీక్ష కూడా చేయించారు.

తిండి సంగతి మాకు పెద్ద యుద్ధమే అయింది. గుంటూరు జిల్లా ఇల్లు, ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎండు చేపలు లేకుండా ముద్ద దిగదు. పూర్తిగా మానిపించలేదు. అమ్మ జాడీలోంచి తీసే గరిటె మార్చి చిన్న చెంచా పెట్టింది, అప్పడాలు కొనడం ఆపేసింది. మజ్జిగలో ఉప్పు మానేస్తే మాత్రం నాన్న వెంటనే కనిపెట్టారు.

జూన్‌లో డోనెపెజిల్ మొదలుపెట్టారు. ఇది ప్రధానంగా అల్జీమర్స్ మందు, కలిసి ఉన్న కేసుల్లో కొందరికి కొంత పనిచేయొచ్చు, చూద్దాం అన్నారు. ముందు ఈసీజీ తీశారు. మూడో వారానికి విరేచనాలు, నాడి 52కి పడిపోయింది. ఆపేశారు. అమెరికాలో ఉన్న మా బావ లెకానెమాబ్ గురించి పదే పదే మెసేజ్‌లు పెట్టాడు, 2023లో అక్కడ ఆమోదం వచ్చిన మందు. అది అల్జీమర్స్ తొలిదశకు, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది, ఇన్ని మచ్చలూ మైక్రో బ్లీడ్సూ ఉన్న మనిషికి తలపెట్టకూడదని డాక్టరు గారు ఖండితంగా చెప్పారు. దానికోసం పొలం అమ్ముదామా అన్నదాకా వెళ్లిన మాట అక్కడితో ఆగింది.

నిజంగా పనిచేసింది ఫిజియోథెరపీ. ఫిజియోథెరపిస్టు వారానికి మూడుసార్లు ఇంటికొస్తాడు, ఒక్కోసారికి 400. నేల మీద రంగు టేపు అడ్డంగా అంటించి, దాన్ని దాటుతూ నడవమంటాడు. టేపు కనపడితే నాన్న అడుగు పెద్దగా పడుతుంది. గడప దగ్గర, మలుపు దగ్గర కూడా అంటించాం. బాత్రూంలో పట్టుకునే రాడ్లు పెట్టించాం. నాన్నతో ఒకసారి ఒక్క పనే చెబుతాం, చెప్పి పదిదాకా మనసులో లెక్కపెట్టుకుని అప్పుడు రెండోసారి అడుగుతాం. మధ్యలో మనం అందుకుని జవాబు చెప్పేస్తే ఆయన వెతుకులాట మళ్లీ మొదటికి వస్తుంది. మా చిన్నాడికి ఇది మాకంటే ముందు అలవాటైంది.

బ్యాంకు పని ముందే చూసుకోండి. నాన్న సంతకం చిన్నదైపోయి, వణికి, పాతదానితో కలవక చెక్కు వెనక్కి వచ్చింది. ఆయనకు అర్థం చేసుకునే శక్తి ఉండగానే ఖాతాలో అమ్మ పేరు కలిపాం, ఇంటి కాగితాల సంగతి ఆయనతోనే మాట్లాడి రాయించాం. డాక్టరు గారే ఇది గుర్తుచేశారు.

చివర్లో డాక్టరు గారు నన్ను "మీ బీపీ ఎంతమ్మా?" అని అడిగారు. నాకు 41. నడివయసులో అదుపులో లేని బీపీయే పెద్దయ్యాక ఈ మచ్చలకు దారి వేస్తుందట. చూసుకుంటే 148/94. జూన్ నుంచి మాత్ర వేసుకుంటున్నాను. అన్నయ్య కూడా చూపించుకున్నాడు, అతనికి షుగర్ అంచున ఉంది.

ఇప్పుడు సెప్టెంబరు. నాన్న బాగయ్యారని చెప్పను. నడక కొంచెం నిలకడగా ఉంది, కనుమ తర్వాత మళ్లీ పడలేదు. మాట అంతే నెమ్మది. నెలకు మందులు, ఫిజియో కలిపి ఏడువేల దాకా అవుతోంది. డిసెంబరులో మళ్లీ హైదరాబాద్ వెళ్లాలి. బీపీ పుస్తకం, నడక వీడియోలు తెమ్మన్నారు, ఏడాది తిరిగేదాకా ఎంఆర్ఐ అక్కర్లేదన్నారు. అయితే మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది ఈ జబ్బులో భాగమేలే అని ఇంట్లో కూర్చోవద్దని గట్టిగా చెప్పారు. పక్షవాతం అయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, అది వేయవచ్చో లేదో కూడా అక్కడి డాక్టర్లు చూసి చెప్పాలి. అందుకని గుంటూరులో రాత్రిపూట కూడా స్ట్రోక్ కేసులు చూసే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, ఆ నంబరూ 108 అమ్మ ఫోన్‌లో అన్నింటికన్నా పైన పెట్టాం.